చిరిగిన చీర, నచికేతుడి ప్రశ్న



పోయినసారి వీడియోలో కఠోపనిషత్తు మొదటి భాగం చెప్పుకున్నాం కదా. నచికేతుడు యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చోవడం, యముడు వచ్చి నొచ్చుకుని మూడు వరాలివ్వడం, అందరికీ గుర్తుండేది అదే. కానీ ఆ కథ అసలు మొదలైంది పాత సామాన్ల గొడవతో. వాజశ్రవసుడు ఉన్నదంతా దానం చెయ్యాల్సిన యాగం చేస్తున్నాడు. ఆవుల్ని తోలుకొచ్చారు. ఎలాంటి ఆవులంటే, తాగాల్సిన నీళ్ళు తాగేసినవి, మెయ్యాల్సిన గడ్డి మేసేసినవి, పాలన్నీ పిండించేసుకున్నవి, ఇక ఈనే ఓపిక లేనివి. కుర్రాడు అది చూశాడు. ఇలాంటివి ఇచ్చినవాడు చేరే లోకాల్లో ఆనందం ఉండదు అనుకున్నాడు. ఆ తర్వాతే తండ్రి దగ్గరికెళ్ళి "మరి నన్నెవరికి ఇస్తావు నాన్నా?" అని అడిగాడు. మూడుసార్లు అడిగేసరికి తండ్రికి కోపమొచ్చింది.

ఆ వీడియో ఎడిటింగ్ చేస్తున్నప్పుడు మా ఇంట్లో పండగ సర్దుడు నడుస్తోంది. హాల్లో పాత బట్టల కుప్ప ఉంది. ఆవుల వర్ణన ఒకవైపు ఇయర్‌ఫోన్స్‌లో వింటూ ఇంకోవైపు ఆ కుప్ప చూస్తుంటే నవ్వొచ్చింది. కాలర్ అరిగిపోయిన టీషర్టు, మోకాలి దగ్గర జారిపోయిన నైట్ ప్యాంటు, జిప్ పోయిన చుడీదార్. మీద ఒక సంచీ, సంచీ మీద మా అమ్మ చేతిరాతతో "దానం" అని.

మరి ఇది దానమేనా? చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. నాకైతే దీని చుట్టూ మూడు నాలుగు పెద్ద ప్రశ్నలున్నాయనిపించింది. అవి తేల్చుకునే క్రమంలోనే ఒక హ్యాండ్‌బ్యాగు కుట్టాను. అది ఎలా కుట్టాలో కూడా కింద వివరంగా రాశాను, ఓపికగా చదవండి.

మొదట న్యాయంగా మాట్లాడుకుందాం. ముసలి ఆవుకి, పాత బట్టకి తేడా ఉంది. వట్టిపోయిన ఆవు ఎవరింటికెళ్ళినా వట్టిదే. తీసుకున్నవాడికి మేత ఖర్చు అదనం. బట్ట అలా కాదు. నాకు బిగుతైన చొక్కా ఇంకొకరికి సరిపోతుంది. నాకు మొహం మొత్తిన కుర్తీ ఇంకో అమ్మాయికి నచ్చుతుంది. కాబట్టి పాతది ఇవ్వడమే తప్పు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పాతదై ఉండటం వేరు, వట్టిపోయి ఉండటం వేరు. వాజశ్రవసుడు ఇచ్చింది రెండో రకం.

ఈ తేడా మనకి తెలియక కాదు, చూడబుద్ధి కాక. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచీ లారీల్లో పాత బట్టలు వెళ్ళాయి. వాటిలో చాలా భాగం రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉండిపోయింది. ఇల్లూ పడవా పోగొట్టుకున్న మత్స్యకార కుటుంబాలు కూడా వాటిని ముట్టుకోలేదు. ఆ కుప్పల్ని తీసుకెళ్ళి పనికొచ్చేలా మార్చినవాళ్ళలో గూంజ్ సంస్థ ఒకటి. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టారు, 2015లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఊళ్ళో వాళ్ళు బావి తవ్వుకుంటారు, దారి బాగు చేసుకుంటారు, ఆ పనికి గౌరవంగా బట్టలు అందుకుంటారు. జాలి పడి విసిరేసినట్టు ఉండదు. కట్టుకోవడానికి పనికిరాని నూలు బట్టని శుభ్రం చేసి ఆడవాళ్ళకి నెలసరి ప్యాడ్లుగా, బొంతలుగా మారుస్తారు.

ఇదే సంగతి మా అపార్ట్‌మెంట్‌లో ఇంకా తేలిగ్గా అర్థమైంది. మా ఫ్లోర్‌లో పనిచేసే ఆవిడకి ఒక ఇంటివాళ్ళు జిప్ పోయిన చుడీదార్ ఇచ్చారు, "నీకు పనికొస్తుందిలే" అంటూ. ఆవిడ వద్దనలేదు. తర్వాతి వారం దాన్నే రెండు ముక్కలుగా చింపి, వాళ్ళింటికే తెచ్చి, వాళ్ళ ఇంటి నేలే తుడిచింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. నాకు మాత్రం ఆవిడ ఆ బట్ట చేరాల్సిన చోటికే చేర్చిందనిపించింది.

భగవద్గీత 17వ అధ్యాయంలో దానాల్ని మూడు రకాలుగా చెప్పిన శ్లోకాలు మీలో చాలామందికి వచ్చే ఉంటాయి. తామస దానం గురించి చెబుతూ భగవానుడు వస్తువు ధర మాట ఎత్తలేదు. మర్యాద లేకుండా, చులకనగా ఇచ్చేది తామసం అన్నాడు. అంటే కొత్త పట్టుచీర పెట్టినా తామసం కావచ్చు, ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీ కుట్టి ఇచ్చిన పాత చొక్కా సాత్వికం కావచ్చు. ఆ గుండీ కుట్టే ఐదు నిమిషాల్లోనే అసలు విషయం ఉంది. ఇచ్చేముందు తీసుకునేవాళ్ళ ముఖం ఒక్కసారి మన కళ్ళముందుకొచ్చిందా, లేకపోతే ఖాళీ అవుతున్న మన అల్మారానే కనిపిస్తోందా? వాజశ్రవసుడికి లెక్క పూర్తయితే చాలు. ఇన్ని ఆవులిచ్చాం అని రాసుకోవాలి, అంతే. మనం "మూడు బ్యాగుల బట్టలు ఇచ్చేశాం" అని చెప్పుకుంటాం చూడండి, ఆ లెక్కలాంటిదే.

సరే. ఇవ్వదగినవి పక్కన పెట్టాం. ఇవ్వకూడనివి మిగిలాయి. వాటినేం చెయ్యాలి?

మన అమ్మమ్మల కాలంలో ఇది ప్రశ్నే కాదు. చీర పాతబడితే లంగా అయ్యేది, లంగా చిరిగితే పసిపిల్లల పక్కగుడ్డలు, అవి పాతబడితే బొంతలోకి, చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. పెద్దగా పాడవని వాటిని వీధిలో స్టీలు సామాన్లావిడకి వేసి ఒక గిన్నె తెచ్చుకునేవాళ్ళు, ఆ బేరం గంటసేపు నడిచేది. బెంగాల్లో పాత చీరలు పొరలుగా పేర్చి కుట్టే కాంతాకి దారం కూడా పాత చీర అంచుల నుంచే లాగేవాళ్ళట. ఈ మొత్తం వరసని అందంగా చెప్పిన కథ బౌద్ధుల వినయ పిటకంలో ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి రాణులు ఆనందుడికి 500 వస్త్రాలిచ్చారు. రాజుకి అనుమానం వచ్చింది, ఒక భిక్షువుకి ఇన్ని ఎందుకు, బట్టల కొట్టు పెడతాడా అని. వెళ్ళి అడిగాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకి పంచుతాం అన్నాడు ఆనందుడు. మరి ఆ పాత చీవరాలు? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపుల గలీబులు. పాత గలీబులు? నేల మీద పరుస్తాం. ఆ పాతవి? కాళ్ళు తుడుచుకునే పట్టాలు. అవీ పాతబడితే? దుమ్ము తుడిచే గుడ్డలు. అవీ చిరిగిపోతే? మట్టిలో కలిపి మెత్తి నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు.

ఇది చదివిన రోజు నాకు మన గీతలోనే 2వ అధ్యాయం 22వ శ్లోకం కొత్తగా వినిపించింది. పాతబడిన బట్టలు వదిలి మనిషి కొత్తవి కట్టుకున్నట్టు, ఆత్మ పాత దేహాన్ని వదిలి కొత్త దేహంలోకి వెళ్తుందని. చావు ఇళ్ళలో ఓదార్పుగా వినే శ్లోకం. అక్కడ వాడిన మాట జీర్ణం. జీర్ణమైన వస్త్రం, అంటే పూర్తిగా అరిగిపోయినది. ఇప్పుడు మన అల్మారాలు తెరిచి చూస్తే జీర్ణమైనవెన్ని? ఒక పెళ్ళికి కట్టి, ఫొటోలు పడ్డాయి కాబట్టి మళ్ళీ కట్టని చీరలు. ఆఫర్లో కొని ట్యాగు కూడా తియ్యని చొక్కాలు. ఉపమానం బలమంతా ఆ ఒక్క మాటలో ఉంది, మనమేమో ఆ మాటనే తీసేసి బతుకుతున్నాం.

ఇంకొకటి కూడా ఉంది. దేహం వదిలేశాక పంచభూతాల్లో కలుస్తుంది. ఆనందుడి గుడ్డలూ మట్టిలో కలిశాయి, ఎందుకంటే అవి మట్టిలో కలవగలిగినవి. ఇప్పుడు మనం కట్టే వాటిలో సగం పాలిస్టర్. అది పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్కే, దారంగా సాగదీసినది. ఎన్నేళ్ళు పూడ్చినా మట్టి దాన్ని తనలో కలుపుకోదు. అందుకే నా లెక్కలో సంచులుగా మారాల్సిన మొదటి బట్ట అదే. గట్టిగా ఉంటుంది, బరువు మోస్తుంది, రంగు పోదు. మంచి నూలు గుడ్డకి చివర్లో మట్టి దారి ఉంది. పాలిస్టర్‌కి ఆ దారి లేదు, కాబట్టి మన చేతుల్లోనే ఎక్కువ కాలం ఉండనివ్వాలి.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయానికి వస్తాను.

మా నాయనమ్మ పోయి మూడేళ్ళు. పట్టుచీరలు అత్తయ్యలు తీసుకున్నారు, బాగున్న నూలు చీరలు తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం. ఒక మంగళగిరి చీర మాత్రం మిగిలిపోయింది. ఆకుపచ్చ, నిజాం అంచు. ఆవిడ రోజూ కట్టినది కాబట్టి నడుము దగ్గర దోపుకునే చోట, వెనకాల కూర్చునే చోట నలిగి చిల్లులు పడింది. ఎవరికీ ఇవ్వలేం. ఎవరూ కట్టలేరు. బీరువా కింది అరలో కలరా ఉండల వాసనతో ఉండిపోయింది. ఆఫీసులో కొన్ని పాత ప్రోగ్రాములు ఉంటాయి, రాసినవాళ్ళు వెళ్ళిపోయుంటారు, ముట్టుకుంటే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు. అలాగన్నమాట.

దాని మీద మా ఇంట్లో రెండు శాస్త్రాలు నడిచాయి. చిరిగిన బట్ట ఇంట్లో ఉంచితే దరిద్రం, తీసెయ్యాలి అని అమ్మ. పోయినవాళ్ళ బట్ట మీద కత్తెర పెట్టకూడదు అని పెద్దత్తయ్య. రెండూ మన ఇళ్ళల్లో వినే మాటలే, రెండూ కలిపి పాటించడం కుదరదు. వీటికి ఏ గ్రంథంలో ఆధారం ఉంది అని వాదించే ఉద్దేశం నాకు లేదు. కత్తెర పెట్టడమే అశుభం అనుకునేవాళ్ళకి ఒక్కటే గుర్తు చేస్తాను. కృష్ణుడి వేలు తెగి రక్తం కారుతుంటే ద్రౌపది కట్టుకున్న చీర కొంగు చింపి కట్టు కట్టిందని మనందరం విన్నాం. వ్యాస భారతంలో ఆ కథ లేదు, జనం నోట పుట్టి జనం నోట బతికింది. అయినా జనం దాన్ని ఎంత ఇష్టంగా చెప్పుకున్నారంటే, సభలో అందని చీరలన్నీ ఆ ఒక్క పేలికకి వడ్డీ అన్నట్టు. నిండు చీర చింపడం అక్కడ ఎవరికీ అశుభంగా కనిపించలేదు. ఎందుకు చింపారన్నదే చూశారు.

అయితే నాకు అసలు అడ్డం శాస్త్రం కాదు, నాన్న. ఆయన ఏ నియమమూ చెప్పలేదు. "దాన్ని ఉండనీ" అన్నారు, అంతే. ఇక్కడే నాకు ప్రశ్న మారిపోయింది. చీరకి నొప్పి ఉండదు. నాయనమ్మకి, గీత చెప్పినట్టే, ఆ చీరతోనూ ఆ దేహంతోనూ పని లేదు. నొప్పి ఉన్నది బతికున్న మనిషికి. అలాంటప్పుడు నేను పతంజలి చెప్పిన అపరిగ్రహం గురించి, పోగేసుకోకపోవడం గురించి ఎంత గొప్పగా మాట్లాడినా అది ఆయన దుఃఖం మీద నా ఉపన్యాసమే అవుతుంది. అపరిగ్రహం యమాల్లో ఒకటి, నిజమే. ఎవరికి వారు పాటించుకోవాల్సిన యమం. పక్కవాళ్ళ బీరువాకి వర్తింపచేసే అధికారం అందులో ఎక్కడా లేదు.

మరోవైపు దాచిపెట్టడమే ప్రేమ అనడం కూడా నాకు పూర్తిగా ఒప్పుదల కాదు. ఆ చీరని మూడేళ్ళలో ఎవరూ బయటికి తీసి చూడలేదు. చూస్తే బాధ, చూడకపోతే వాసన. నాయనమ్మ స్వయంగా తన అత్తగారి చీరలతో బొంత కుట్టిన మనిషి. ఆ బొంత మీదే నేను పడుకుని పెరిగాను. ఆవిడ దృష్టిలో గుర్తుంచుకోవడం అంటే కప్పుకోవడమే.

ఇవన్నీ వాదనగా పెట్టలేదు నేను. బొంత సంగతి మాత్రం నాన్నతో చెప్పాను. రెండు వారాల తర్వాత ఒక రాత్రి భోజనాల దగ్గర, టీవీ చూస్తూనే, "కొంగు మాత్రం కొయ్యకు" అన్నారు. కొంగు అలాగే నిండుగా మడిచి బీరువాలో ఉంది ఇప్పుడు. మిగతా దాంట్లో గట్టిగా ఉన్న భాగం బ్యాగు లోపలి లైనింగ్ అయింది.

ఎలా కుట్టానో చెబుతాను. మొదటిసారి అయితే ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా పడుతుంది. మగపిల్లాడికి కుట్టుమిషన్ ఏంటి అని మా వాచ్‌మన్ అన్న రెండుసార్లు తొంగి చూసి వెళ్ళాడు, మీ ఇంట్లోనూ ఎవరైనా చూస్తారు, చూడనివ్వండి.

బయటి బట్టకి పాత జీన్స్ ప్యాంటు. లోపలికి పాత నూలు చీర. ముందు రెండూ ఉతికి, ఎండలో ఆరబెట్టి, ఇస్త్రీ చెయ్యండి. చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి, పలచబడ్డ చోట్లు వెలుగులో తెలిసిపోతాయి. రెండు బొటనవేళ్ళతో పట్టి కొంచెం లాగితే చర్రుమనే చోటు వదిలెయ్యండి. చీరలో ఎక్కువ కాలం బతికేది అంచు, అందుకని లైనింగ్ ముక్కల్లో అంచు పైభాగానికి వచ్చేలా చూసుకుంటే బ్యాగు తెరవగానే కనిపిస్తుంది, అందంగానూ ఉంటుంది.

జీన్స్ రెండు కాళ్ళూ పైన అడ్డంగా కోసి, లోపలి వైపు కుట్టు విప్పి పరవండి. ఒక్కో కాలి పైభాగం నుంచి 38 సెంటీమీటర్ల వెడల్పు, 42 పొడవు ఉన్న ముక్క ఒకటి వస్తుంది. మొత్తం రెండు. అదే కొలతతో చీర నుంచి రెండు. పక్కన మిగిలిన జీన్స్ నుంచి 8 సెంటీమీటర్ల వెడల్పు, 60 పొడవు పట్టీలు రెండు. ఇవి పిడులు. ప్యాంటు వెనక జేబు ఒకటి జాగ్రత్తగా కుట్లు విప్పి తీసి, లైనింగ్ ముక్క మీద పెట్టి మూడు వైపులా కుట్టండి. ఫోనుకి చోటు తయారు. ఆ జేబుకి కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదు, దాని పని అదివరకే దానికి తెలుసు.

మిషన్‌కి 16 నంబరు సూది వెయ్యండి, మామూలు సూది జీన్స్ మీద విరిగిపోతుంది. బయటి ముక్కలు రెండూ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, ఒకటిన్నర సెంటీమీటర్ వదిలి, రెండు పక్కలూ అడుగూ కుట్టండి. తర్వాత అడుగు మూలని చిటికెలా పట్టుకుని పక్క కుట్టు, అడుగు కుట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిస్తే త్రికోణం వస్తుంది. దాని మీద అడ్డంగా 8 సెంటీమీటర్ల గీత చాక్‌తో గీసి కుట్టి, కొన కోసెయ్యండి. రెండో మూల కూడా అంతే. ఇప్పుడు సంచీకి కూర్చునే అడుగు వచ్చింది. లైనింగ్ కూడా ఇలాగే, కాకపోతే అడుగు కుట్టులో మధ్యన ఒక 12 సెంటీమీటర్లు కుట్టకుండా వదలాలి. ఇది మర్చిపోతే తర్వాత బ్యాగు తిరగదు.

పిడి పట్టీ రెండు అంచులూ మధ్యకి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే రెండు సెంటీమీటర్ల గట్టి పట్టీ అవుతుంది, రెండు వైపులా పైకుట్టు వెయ్యండి. బయటి సంచీని మంచి వైపుకి తిప్పి, పక్కల నుంచి 9 సెంటీమీటర్ల దూరంలో పిడులు కిందికి వేలాడేలా గుండుసూదులతో నిలపండి. దాన్ని తీసుకెళ్ళి తిరగేసి ఉన్న లైనింగ్ లోపల పెట్టండి. మంచి వైపు మంచి వైపుని చూడాలి. మూతి చుట్టూ కుట్టి, వదిలిన 12 సెంటీమీటర్ల సందులోంచి మొత్తం బయటికి లాగండి. ఆ క్షణం చాలా బాగుంటుంది, అప్పటిదాకా గుడ్డల ఉండలా ఉన్నది ఒక్కసారిగా బ్యాగవుతుంది. సందు మూసి, లైనింగ్ లోపలికి తోసి, మూతి చుట్టూ ఇంకో కుట్టు. పిడి మొదట్లో చతురస్రం కుట్టి దాని మధ్యలో ఇంటూ గుర్తులా రెండు కుట్లు వేస్తే బరువు తట్టుకుంటుంది. జీన్స్ నాలుగు మడతలు వచ్చిన చోట మోటారు మీద ఆధారపడొద్దు, చక్రం చేత్తో తిప్పండి.

ఆ బ్యాగు నాన్న తీసుకున్నారు. రైతు బజారుకని ఇచ్చాను కానీ టమాటాలు అందులో వెయ్యరట. బీపీ మందులు, కళ్ళజోడు, హాస్పిటల్ ఫైలు పెట్టుకుని తిరుగుతున్నారు.

ఇంత చెప్పాక ఒక అనుమానం కూడా చెప్పాలి, లేకపోతే ఇది ప్రకటనలా ఉంటుంది. పాతబట్టలతో ఏదో చేశాం అన్న తృప్తి చాలా మోసకారి. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో సంచుల మీద ఒక అధ్యయనం చేసింది. మామూలు కాటన్ సంచి, వాతావరణం ఒక్కదాని లెక్క చూసినా, పలచటి ప్లాస్టిక్ సంచికి సమానం కావాలంటే కనీసం 52 సార్లు వాడాలి. నీళ్ళు, ఓజోన్ లాంటి అన్ని లెక్కలూ కలిపితే 7,100 సార్లు. రోజూ వాడినా దాదాపు ఇరవయ్యేళ్ళు. అది కొత్త పత్తితో చేసిన సంచి లెక్క. మన పాత చీరకి ఆ పత్తి, ఆ నీళ్ళు ఎప్పుడో ఖర్చయిపోయాయి, కాబట్టి మనకి వర్తించదు. కానీ "పాత బట్టల బ్యాగు" కోసమని కొత్త లైనింగ్ క్లాత్, కొత్త లేసు, కొత్త తోలు పిడులు, రంగురంగుల బటన్లు ఆర్డర్ పెట్టామా, మళ్ళీ అక్కడికే వస్తాం. వాడుకోదగ్గ చీరని ఇన్‌స్టాలో బాగుంటుందని కోసేసినా అంతే. బ్యాగు కుట్టాను కదా అని అల్మారాలో ఖాళీ అయిన చోటుని నెలలోపు నింపేసినా అంతే. కుట్టడం ఒక ఆదివారం పని. కొనకుండా ఉండటం మిగతా రోజులన్నీ చెయ్యాల్సిన పని, దానికి ఫొటో రాదు.

మీరే కుట్టలేకపోతే వీధి చివర టైలర్ దగ్గరికి వెళ్ళండి. కానీ పాత గుడ్డే కదా అని కూలి తగ్గించమని బేరమాడకండి. గుడ్డ పాతదే, ఆవిడ కళ్ళూ వెన్నూ ఈ రోజువి. నిజానికి పాత గుడ్డ కుట్టడం కొత్తదాని కన్నా కష్టం, నూలు జారుతుంది, వార తిన్నగా రాదు.

కుట్టిన బ్యాగు ఎవరికైనా ఇవ్వొచ్చా అంటే, నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. అదే బ్యాగు భుజానికి వేసుకుని నేను ఆఫీసుకి వెళ్తానా? వెళ్తానంటే ఇవ్వొచ్చు. కుచేలుడి కథలో ఆయన భార్య ఇరుగుపొరుగుని అడిగి తెచ్చిన నాలుగు పిడికిళ్ళ అటుకుల్ని పాత గుడ్డ ముక్కలోనే మూటకట్టింది. ద్వారకకి, అంతటి వైభవానికి, ఆ మూట. కుచేలుడు సిగ్గుపడి దాచుకున్నాడు, కృష్ణుడే లాక్కున్నాడు. ఇక్కడ పాత గుడ్డ వాజశ్రవసుడి ఆవు ఎందుకు కాలేదో ఆలోచించండి. వాళ్ళింట్లో అంతకన్నా మంచి గుడ్డ లేదు. వాజశ్రవసుడికి మంచి ఆవులు లేక కాదు ఇచ్చింది, అది కొడుకుకి తెలుసు కాబట్టే అడిగాడు. మనింట్లో మంచిది ఉండి, చిరిగింది ఇచ్చేటప్పుడు మనం ఈ ఇద్దరిలో ఎవరమో మనకి తెలుస్తూనే ఉంటుంది.

గుళ్ళో ఇచ్చే శేషవస్త్రంతో బ్యాగు కుట్టించుకోవచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. స్వామికి సమర్పించిన వస్త్రాన్ని ప్రసాదంగా తీసుకున్నాం కాబట్టి వాడుకోవడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. తిరుమల వస్త్రాలను టీటీడీ వేలంలో భక్తులకి ఇస్తూనే ఉంది కదా, దాచి ధూళి పట్టించడానికైతే కాదు. అయితే మెట్రోలో నేల మీద పెట్టే బ్యాగుకి, చెప్పుల పక్కన పడేసే బ్యాగుకి నేనైతే వాడను. జపమాల సంచికి, విష్ణుసహస్రనామం పుస్తకానికి గలీబుకి, పూజలో ఆసనం మీద పరచడానికి వాడతాను. మీ ఇంటి పెద్దవాళ్ళు వేరేగా చెబితే వాళ్ళ మాట వినండి, ఇందులో నేను పట్టుబట్టేదేమీ లేదు.

చివరగా, కోసిన తర్వాత చాలా పీలికలు మిగులుతాయి. జీన్స్ ముక్కలు వేడి గిన్నెలు దించుకునే పట్టుగుడ్డలకి బాగుంటాయి, రెండు మూడు పొరలు పెట్టి చుట్టూ ఒక కుట్టు చాలు. మెత్తటి నూలు పీలికల్ని ఒక పాత దిండు గలీబులో కుక్కుతూ పోతే రెండు మూడు బ్యాగులయ్యేసరికి చిన్న ఆసనం తయారవుతుంది. మరీ చిన్నవి, వేలెడంత నూలు ముక్కలు, పాలిస్టర్ కలవనివైతే, తులసి కుండీలో మట్టి మార్చేటప్పుడు అడుగున వేశాను. నీళ్ళు పోస్తే అడుగు రంధ్రంలోంచి మట్టి కారిపోకుండా ఆపుతున్నాయి.